డ్రైవరుగారి భార్య దాహం

పొద్దున్నే డ్రైవరు కాఫీ ముగించేలోపు, ఆయన భార్య చెంబుడు చల్లటి నీళ్ళు తాగి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి, మళ్ళీ చెంబు అందుకుంది. ఎంత తాగినా గొంతు తడారిపోతుంది. తాగిందంతా రంగైనా లేకుండా బయటికి పోతుంది. షుగరేమోనని పరీక్ష చేయిస్తే అదీ లేదన్నారు. దాంతో ఇంట్లోవాళ్ళే వైద్యులైపోయారు. ఇది ఉత్త అలవాటని అత్తగారు తేల్చేసింది.

ఆమె కోరిక చిన్నదే. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడి బస్సు వెళ్ళిపోతుంటే వెనకనుంచి చూడటమే సరిపోయింది. ఒక్కసారి ముందు సీట్లో కూచుని, ఆయన నడుపుతుంటే చూస్తూ సముద్రం దాకా వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ బస్సేమో దారిలో బాత్‌రూమ్‌కైనా ఆగదు.

"స్టీరింగ్ ముందు కూచుంటే నేను గుక్కెడు నీళ్ళు ముట్టను. మా డ్రైవర్లందరం అంతే. నువ్వూ అలవాటు చేసుకో, తీసుకెళ్తా," అన్నాడు డ్రైవరు.

ఆ మహానుభావుడు ప్రేమతోనే అన్నాడు, అదీ ఖర్మ.

ప్రయాణం రోజు ఆమె చెంబు ముట్టలేదు. నాలుక పిడచకట్టుకుపోతున్నా కొత్త చీర కట్టుకుని డిపోకి వచ్చింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, "ఇది ఎవరి బస్సండీ?" అని మొగుణ్ణే అడిగి కూలబడిపోయింది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ చూశాక డాక్టరమ్మ అడిగింది. "నీళ్ళు ఎవరు ఆపమన్నారు?"

డ్రైవరు తలొంచుకున్నాడు. "నేనే. అలవాటనుకున్నాం."

"అలవాటు కాదు, డయాబెటిస్ ఇన్సిపిడస్. షుగరుతో సంబంధం లేదు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను మెదడు నుంచి సరిగ్గా రావట్లేదు. తలకి దెబ్బేమైనా తగిలిందా?"

"మేడమెట్ల మీంచి పడింది. ఈ దాహం ఆ తర్వాతే."

"కారణం అదే అయ్యుండొచ్చు. మాత్రలున్నాయి. కానీ దాహం వేస్తే తాగాల్సిందే. ఆపితే ప్రాణం మీదకొస్తుంది."

సాయంత్రానికి ఆమె తేరుకుంది. "బస్సెళ్ళిపోయిందా?"

"వేరే డ్రైవరు తీసుకెళ్ళాడు."

"నేనే ఓర్చుకోలేకపోయాను. మీ పరువు తీశాను."

ఆ మాటకి అతనికి ఏడుపు ఆగలేదు. "నీ ఒంటికి నా రూలు పెట్టాను. నా బుద్ధి గడ్డి తింది." గ్లాసు ఆమె పెదవులకి ఆనించాడు. "సెలవు పెడతా. రైల్లో పోదాం. బాత్‌రూమ్ ఉంటుంది, నీళ్ళు పట్టుకెళ్దాం."

"మీరు నడుపుతుంటే చూడాలనుకున్నా కదా."

"నడిపేటప్పుడు నేను నిన్ను చూళ్ళేనే. పక్కన కూచుంటే చూస్తా."

ఆమె కళ్ళు నిండిపోయాయి.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి," అంది.