ఖాళీ చేసిన ఫోన్

"గిలకలదిండిలో మన ఇన్ఫార్మర్‌ని నిన్న కాల్చేశారు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "రెండోవాడు దయానందం. సాయంత్రం ఐదింటికి సుందరరాజు బోటులో ఒడ్డుకొస్తాడు. ఎక్కడ దిగుతాడో నాకూ సుందరరాజుకీ మాత్రమే తెలుసు. మూడోవాడికి తెలిస్తే ఇతనూ పోతాడు. ఎక్కడో లీకుంది, చూడు."

అవనిగడ్డ బస్టాండ్ ఎదురుగా సెల్ రిపేర్ షాపు. కౌంటర్ వెనక మాసిన టీషర్టులో ఏజెంట్ భార్గవ్. సుందరరాజు పొద్దునే వచ్చి, ఫోన్ నిండిపోయిందని నస పెట్టి, చర్చి పాటల వీడియోలన్నీ తీయించుకుని వెళ్ళాడు.

నాలుగు దాటాక హర్షిణి వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటు. బోటువాళ్ళకి స్మార్ట్‌వాచీలు ఉచితంగా పంచిన కంపెనీ మేనేజర్. విదేశీ ముఠా జీతం, ఢిల్లీ జీతం రెండూ తీసుకుంటుంది. ఎవరి మనిషో ఢిల్లీకే అనుమానం.

"సుందరరాజు ఫోన్ ఖాళీ చేసింది మీరేనా?"

"అయితే?"

"కొంప ముంచారు. వాచీతోపాటు వచ్చే యాప్ ఆయన కాల్స్ రికార్డ్ చేస్తుంది. సైజు ఎనభై ఎంబీ అని చూపిస్తుంది. దాచిన డేటా తొమ్మిది జీబీ."

'ఇతర డేటా' కింద ఆ తొమ్మిదిని భార్గవ్ పొద్దున చూశాడు. చూసి వదిలేశాడు.

"అంతా ఒకే ఫైలుగా కట్టి పంపాలంటే దానికి ఖాళీ కావాలి. మొన్న ఒకసారి పంపింది. తర్వాత చోటు చాలక ఆగింది. మీరు చోటిచ్చారు. నాలుగున్నరకి పంపుతుంది."

అబద్ధమైతే? నిజమైతే? సుందరరాజుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బోటు నడిపేటప్పుడు ఫోన్ ప్లాస్టిక్ కవర్లో కట్టేసి ఉంటుంది.

భార్గవ్ సుందరరాజు భార్య రాజకుమారికి కలిపాడు.

"అత్తయ్యగారూ, షాపు భార్గవ్‌నండీ. మావయ్యగారి ఫోన్లో మీ క్వయర్ పాటలన్నీ పోయాయి. చర్చి వాట్సాప్ గ్రూపులో అందర్నీ మళ్ళీ పెట్టమనండి. ఇప్పుడే."

"అయ్యో, ఏ పాటలు బాబూ?"

"అన్నీ."

"క్రిస్మస్‌వి కూడానా?"

"అవే ముందు పెట్టించండి. పెద్దవి."

ఆ గ్రూపులో అరవైమంది. సుందరరాజు ఫోన్లో ఆటో డౌన్‌లోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే.

హర్షిణి తన ఫోన్ కౌంటర్ మీద పెట్టింది. ఫైలు ముందు దానికొచ్చి, వెంటనే దానంతటదే ముఠాకి పోతుంది. ఇద్దరూ దానివైపే చూస్తున్నారు. నాలుగున్నర. ఫైలు కట్టడం చూపే గీత కదిలింది. సగం దాటింది. ముప్పాతిక. ఆగింది.

'పంపే ఫోన్‌లో స్థలం లేదు. ఫైల్ రద్దయింది.'

ఐదింటికి చీఫ్ గొంతు: "దయానందం దిగాడు."

భార్గవ్ ఊపిరి పీల్చుకున్నాడు. హర్షిణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పెట్టె తీసి అతని ముందుకు జరిపింది. లోపల కొత్త వాచీ.

"మన స్నేహానికి గుర్తుగా."

భార్గవ్ పెట్టెని అలాగే వెనక్కి జరిపాడు.

"వద్దులెండి మేడమ్. మచిలీపట్నం బస్సు వస్తే చాలు, నాకు టైము తెలిసిపోతుంది."