టైపు చేయనన్న అధ్యాయం

"ఈ ఒక్క అధ్యాయం నేను టైపు చేయనండీ" అంది నిస్సీ.

సాయికిరణ్ కంగారుగా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. బందరులో డీటీపీ సెంటర్లకి కొదవ లేదు. నిస్సీ ఉన్నది మాత్రం ఈ ఒక్కదాన్లోనే.

చేపల వేట నిషేధం అరవై ఒక్క రోజులూ అతను గిలకలదిండి ఒడ్డున, కట్టేసిన బోటు మీద కూర్చుని డిస్టోపియా నవల, అంటే మనిషికి స్వేచ్ఛ లేని రేపటి రాజ్యం కథ, రాశాడు. రోజుకి ఐదు పేజీలు తెచ్చి, ఆ వంకన ఆమె ఎదుట గంటసేపు కూర్చునేవాడు. నిషేధం ఇవాళ్టితో సరి. రేపు బోటెక్కితే ఇక ఒడ్డున ఉండేది నెలకి నాలుగు రోజులు. మనసులో మాట చెప్తే ఇవాళే చెప్పాలి.

"ఏమైందండీ?"

"భవిష్యత్తులో రాజ్యమన్నారు. అందరికీ ఒకే రంగు బట్టలు, గంట కొడితేనే తిండి, పేరుకి బదులు నెంబరు, గోడ దాటితే శిక్ష. నేను చదివిన హాస్టలే కదండీ అది!"

"మరి నిఘా కెమెరాలు?"

నిస్సీ కళ్ళతోనే జిరాక్స్ మిషను వైపు చూపించింది. యజమాని నాగభూషణరావుగారు పేపరు అడ్డం పెట్టుకుని, చెవులు మాత్రం ఇటు వేశారు.

"కొత్తగా ఉన్నది ఒక్కటే. ఏటా రెండు నెలలు ఎవరూ సముద్రం మీదికి వెళ్ళకూడదన్న చట్టం. ఎంత క్రూరమైన ఊహండీ!"

సాయికిరణ్‌కి నవ్వు ఆగలేదు. "అది ఊహ కాదండీ. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అందుకేగా నేనిక్కడున్నది!"

నిస్సీ బుగ్గలు ఎర్రబడ్డాయి. "అయితే మంచి చట్టమే" అని కీబోర్డుకి చెప్పినట్టు గొణిగింది.

బయట తొలకరి మొదలైంది. తడిసిన అద్దంలోంచి చూస్తే ఆటోలు నీళ్ళమీద తేలిపోతున్నట్టున్నాయి. ఊరంతా ఎవరి కలలోనో ఉన్నట్టుంది.

"మరి ఈ చివరి అధ్యాయంలో తప్పేంటండీ?"

"అమ్మాయి మనసులోంచి అబ్బాయిని చెరిపేశారు."

"ఇలాంటి కథల్లో రాజ్యమే గెలుస్తుందండీ."

"రాజ్యం ఏం చేసింది పాపం? మూడొందల పేజీలు మీ హీరో కెమెరాలకి భయపడుతున్నానంటాడు. అబద్ధం. ఆ అమ్మాయికి భయపడ్డాడు. ఒక్కసారైనా అడిగాడా?"

"కాదంటే?"

"అది అమ్మాయి చెప్పాల్సిన మాట. ఊఁ, చెప్పండి. కొడతాను."

అతను చేతిలో కాగితాలు పక్కన పెట్టేశాడు. "కెమెరాలన్నీ చూస్తుండగా అబ్బాయి ఆమె ఎదుటికి వచ్చాడు..."

టకటకమంటూ కీలు మోగాయి.

"'రెండు నెలలుగా నేను వస్తున్నది కథ కోసం కాదు, నీ కోసం' అన్నాడు."

కీలు ఆగిపోయాయి.

"తర్వాత?" అన్నారు నాగభూషణరావుగారు, పేపరు దించేసి. "త్వరగా కానివ్వవయ్యా, కరెంటు పోయేలా ఉంది."

"తర్వాత నాకు తెలీదండీ. రేపు బోటెక్కితే మళ్ళీ పది రోజులకే ఒడ్డుకి" అన్నాడు సాయికిరణ్.

నిస్సీ అతనివైపు చూడకుండా ఏదో కొట్టింది. మానిటరు ఇటు తిప్పింది.

'పది రోజుల్లో ఒడ్డుకి వస్తావుగా. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక గుడివాడలో మా ఇంటికి రా. మా నాన్నతో నువ్వే మాట్లాడు' అంది ఆ అమ్మాయి.

అక్షరాలు అతని కళ్ళముందు అలల్లా ఊగాయి.

"ఆ రాజ్యంలో గుడివాడ లేదండీ" అన్నాడు.

"ఉంటుంది" అంది నిస్సీ. "గంటకో బస్సు కూడా ఉంటుంది."