తామరపువ్వు ఎఫెక్ట్

మేడ్చల్ బస్ డిపో దాటి స్టేషన్ దిక్కు మళ్లితే ఎడమ చేతికి ఐదు మడిగెలు ఉంటయి. మొదటిది ఎరువుల దుకాణం, రెండోది సైకిల్ రిపేరు, మూడోది నాది. భిక్షం వీడియోస్. భిక్షం అంటే నేనే. పద్దెనిమిదేండ్ల నుంచి పెండ్లిళ్లు తీస్తున్న. మనిషికి పెండ్లి ఒక్కసారే అయితది గానీ, మా క్యాసెట్ల మాత్రం ఎన్నిసార్లంటే అన్నిసార్లు అయితది అని నేను జోక్ చేస్తుంట. గిరాకీలు నవ్వుతరు.

ఇప్పుడు రెండువేల తొమ్మిది. సుచిత్ర చౌరస్తా దిక్కు పోతే పోరగాండ్లు కెమెరాల గోరంత కార్డు పెట్టి పెండ్లంతా అందులోనే దించుతున్నరు. నా టేబుల్ మీద మాత్రం ఇంకా అదే డబ్బా మానిటర్, అదే తొంభై ఎనిమిది విండోస్, రెండు వీసీఆర్‌లు. "కాకా, దీన్ని మ్యూజియంకు ఇయ్యరాదా" అంటరు చూసినోళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుత. ఎందుకు మార్చలేదో ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే. మా ఇంటామె మనోరమకు గూడ తెల్వది.

ముందు తామరపువ్వు సంగతి చెప్పాలె. ఆ పాత మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌ల ఒక ఎఫెక్ట్ ఉంది. నీలం నీళ్లల్ల గులాబీ మొగ్గ తేలుకుంట వస్తది. రేకులు ఒక్కొక్కటే ఇచ్చుకుంటయి. నడుమల పెండ్లికూతురి మొఖం. సరిగ్గ నాలుగు సెకండ్లు. ఆడోళ్లు అది చూసి మురిసిపోయేటోళ్లు. అందులో ఒకటే తకరారు. కొత్త మొఖం పెట్టేదాక పాత మొఖం అట్లనే ఉంటది. మొదట్ల ఒకసారి మార్చుడు మర్చిపోయిన. కండ్లకోయ పెండ్లికొడుకు క్యాసెట్ల గుండ్లపోచంపల్లి పెండ్లికూతురు తేలింది. ఇంటి మీదికి పది మందొచ్చిండ్రు. అప్పట్నుంచి మానిటర్ పక్కన ఒక పలక వేలాడదీసిన. మొఖం మార్చి, కండ్లతోని చూసినంకనే పలక మీద ఆ పిల్ల పేరు రాస్త. పేరు లేకుంటే రికార్డు బటన్ ఒత్తను. మా మనోరమ బడి ముఖం చూడలేదు గనుక ఆ పలకను ముట్టుకోదు.

ఇగ శామీర్‌పేట కృష్ణారావు దొర. నా మడిగె ఆయనదే, నేను కిరాయికుంట. ఆయన పెద్దకొడుకు ప్రవీణ్ పెండ్లి రెండువేల రెండుల నేనే తీసిన. పెండ్లికూతురు నాగారం పిల్ల, అశ్రిత. నవ్వితే కండ్లు మూసుకుపోయేవి. ఎనిమిది నెలలకు వాళ్ల పొలం కాడ బావిల తేలింది. కాలు జారింది అన్నరు. ఆ బావికి కిందిదాక మెట్లుంటయి. నేను ఎక్కువ అడగలే.

మరుసటి ఎండకాలం ప్రవీణ్‌కు మళ్లీ పెండ్లి. పెండ్లయిన మూడో నాడు దొర కారు దిగకుండనే నన్ను పిలిచిండు.

"ఏంరా, మొదటి పెండ్లి అసలు క్యాసెట్ నీ కాడనే ఉందట గద."

"ఉంది దొరా. మాస్టర్ ఎప్పుడు మా కాడనే ఉంటది."

"కొత్త పెండ్లి దాని మీదనే ఎక్కియ్యి. ఇంట్ల ఉన్నయన్ని మేము కాలవెట్టినం. నీ కాడిది ఒక్కటే మిగిలింది. మడిగె మంచిగ నడుస్తాంది గదా?"

"మీ దయ దొరా" అన్న.

అదే వారం ఆ పిల్ల తల్లి వచ్చింది. సుక్కమ్మ. నాగారం నుంచి రెండు బస్సులు మారి వచ్చి మెట్ల మీద కూసుంది.

"తమ్మీ, అప్పగింతలప్పుడు నా బిడ్డ ఒక మాట అన్నది. నువ్వన్నం తినే అమ్మా, నా కోసం సూడకు అన్నది. మాకిచ్చిన క్యాసెట్ల నువ్వు దాని మీద పాట పెట్టినవు. నీ కాడ ఉన్నదాంట్ల ఆ మాట ఉంటది గద. ఒక్కపారి ఇనిపియ్యి. నాకు ఇంకేం వద్దు."

ఉంది. నాకు తెలుసు. మిక్సింగ్ చేసేటప్పుడు ఆ మాట నేనే విన్న, పాట కోసం నేనే తీసేసిన.

"సోమవారం రా అక్కా" అన్న.

ఆమె వచ్చింది. మళ్లీ సోమవారం అన్న. మళ్లీ వచ్చింది. అబద్ధమెందుకు, ఆమెను తిప్పుడు నాకు కొంచెం సరదాగనే ఉండె. దొర పని చేసేటోనికి ఆమాత్రం దర్జా ఉంటది గద. సైకిల్ రిపేరు ఆయన "మీ సోమవారపు చుట్టం వచ్చింది" అనేటోడు. ఇద్దరం నవ్వేటోళ్లం.

వీసీఆర్‌లు బాగుచేసే చోటే మియా మాత్రం నవ్వలే. "భిక్షం భాయ్, పాత టేపు మీద కొత్తది ఎక్కిస్తే కిందిది పూరా పోదు. థోడా ఉండిపోతది. ఆ అమ్మకు వినిపించి, తర్వాత నీ కామ్ చేస్కో" అన్నడు.

"నువ్వు స్క్రూలు బిగియ్యి మియా" అన్న.

నాలుగో సోమవారం. ఎండ మండుతుంది. సుక్కమ్మ బయట మెట్ల మీద కూసుంది. నేను లోపల నల్ల పర్ద ఏస్కొని క్యాసెట్ పెట్టిన. ఎక్కడ్నుంచి ఎక్కియ్యాలెనో చూద్దామని ప్లే ఒత్తిన. అప్పగింతలు వచ్చినయి. అశ్రిత తల్లి మెడ చుట్టు చేతులేసింది. "నువ్వన్నం తినే అమ్మా..." అన్నది.

వాల్యూం తగ్గించిన. బయటికి వినపడొద్దని.

తర్వాత రికార్డు ఒత్తిన.

మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు ఆమె మెట్ల మీదనే ఉంది. పని అయినంక ఛాయ్ తాగుకుంట బయటికొచ్చి, "టేపుకు బూజు పట్టింది అక్కా, ఖరాబైంది" అన్న.

ఆమె ఏడవలే. తిట్టలే. కొంగు దులుపుకొని లేచింది.

"తమ్మీ, నీకు బిడ్డ ఉందా?"

"ఉంది. స్నిగ్ధ. పదమూడేండ్లు."

"మంచిది" అన్నది. బస్సుకు పోయింది.

ఆదివారం పదకొండు గంటలకు దొర ఇంట్ల అందరు కూసుండి క్యాసెట్ ఏసిండ్రు. నేను టీవీ పక్కన నిలబడ్డ. మెచ్చుకుంటరు గదా, దగ్గరుంటే మంచిది. గణపతి పూజ అయింది. నీలం నీళ్లు వచ్చినయి. మొగ్గ తేలింది. రేకులు ఇచ్చుకున్నయి...

నవనీత గాదు. నవనీత అంటే కొత్త కోడలు. పువ్వుల ఉన్నది వేరే పిల్ల.

బాసికం ఉంది. కండ్లు కిందికున్నయి. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఎడమ కనుబొమ్మ నడుమ సన్నగ ఒక గీత, వెంట్రుకలు రాని తావు. నాలుగు సెకండ్లు. నాలుగు సెకండ్లు ఇంత పొడుగుంటయని నాకు అప్పుడే తెలిసింది.

"ఎవరు ఆమె?" అని నవనీత అడిగింది. దొర లేచొచ్చి నా చెంప మీద కొట్టిండు. "పాతదాని మొఖం మార్చుడు మర్చిపోయినవారా."

ప్రవీణ్ గోడకానుకొని నిలబడ్డడు. మొఖంల నెత్తురు లేదు. నేను వైర్లు చుట్టుకుంటుంటే నాకొక్కనికే వినపడేటట్టు అన్నడు. "అది ఆమె గాదు."

బావిల తేలిన పిల్ల ఇంకెట్ల కనపడ్తది, తప్పించుకునేటందుకు అంటున్నడు అనుకున్న.

మడిగెకొచ్చి చూసిన. పలక మీద నవనీత అనే ఉంది. కంప్యూటర్‌ల తామర తెరిస్తే నవనీతే ఉంది. సరే, టేపు తప్పు అనుకొని కొత్త క్యాసెట్ పెట్టి మళ్లీ ఎక్కిచ్చిన. మిట్టమధ్యాహ్నం. పర్ద లోపల చీకటి. ఫ్యాన్ తిరుగుతుంది. ఎందుకో వాసన మొదలైంది. పాచి వాసన. వాడని బావి మీదికి వంగితే వస్తది చూడు, అది.

మొగ్గ తేలింది.

రేకులు ఇచ్చుకున్నయి.

అదే పిల్ల... అదే తడి జుట్టు...

కరెంటు పోయింది. మానిటర్ ఆరింది. ఫ్యాన్ ఆగింది. చీకట్ల, నాకు మూరెడు దూరంల... చుక్క పడ్డ చప్పుడు. ఇంకొకటి. కీబోర్డు మీద.

పర్ద చింపుకొని బయటపడ్డ. ఎండల నిలబడి వణుకుతుంటే సైకిల్ రిపేరు ఆయన జ్వరమా అని అడిగిండు.

కొత్తది కొంటే పీడ పోతదనుకున్న. సుచిత్రకు పోయి కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ కట్టిచ్చిన. అందులో తామరపువ్వే లేదు. సంబరపడ్డ. మొదటగ ఒక గిరాకీ పెండ్లి మిక్సింగ్ చేసి చూసిన. తలంబ్రాల కాడ, పెండ్లికూతురి ఎనుక, ఆ పిల్ల నిలబడింది. కిందికి చూస్తుంది. సరే, ఆ తుకడా కోసేసిన. భోజనాల పంక్తిల కూసుంది. ఆకు ముందల, చెయ్యి కడుక్కోకుండ. అదీ కోసిన. చివరికి అప్పగింతల్ల వచ్చింది. ఈసారి కెమెరా దిక్కు నడుస్తుంది.

ఆ రోజే కొత్తదాన్ని అమ్మేసి, పాతదాన్ని మళ్లీ టేబుల్ మీద పెట్టిన. పాతదాంట్ల తామర ఉంది. తామర ఉంటే ఆమె తామరల్నే ఉంటది. శుక్రవారం శుక్రవారం పర్ద ఏసి ఒక్కసారి తెరుస్త. నాలుగు సెకండ్లు కనపడి పోతది, గిరాకీల క్యాసెట్లల్ల రాదు. ఒక శుక్రవారం ఎగ్గొడితే ఆ ఆదివారం మా ఇంట్ల టీవీల, వార్తలు చదివే ఆమె ఎనుక కనపడింది. ఇగ ఎన్నడు ఎగ్గొట్టలే. ఇదీ నా పాత కంప్యూటర్ సంగతి.

ఒక ఏడాది ఓర్చుకొని, చోటే మియాను వెంటబెట్టుకొని డబ్బా మానిటర్, కంప్యూటర్ ఆటోల ఏస్కొని నాగారం పోయిన. సుక్కమ్మ బిడ్డను సుక్కమ్మకు అప్పజెప్తే ఆ పిల్ల నన్ను ఇడుస్తదని నా లెక్క. సుక్కమ్మ మీద జాలితోని గాదు, దాయను.

సుక్కమ్మ బాగ చిక్కింది. మియా వైర్లు పెట్టిండు. తామర తెరిచిన. ఆమె మానిటర్ ముందల కూసుండి, కొంగుతోని అద్దం తుడిచి, దగ్గరికి వంగి చూసింది. నాలుగు సెకండ్లు.

"ఇంకోపారి పెట్టు తమ్మీ."

పెట్టిన.

"ఇది నా బిడ్డ గాదు" అన్నది.

మియా నా దిక్కు చూసిండు.

"సక్కగ సూడక్కా. తడిసి ఉంది గనుక..."

"కన్నదాన్ని, నాకు తెల్వదా. నా అశ్రితకు కనుబొమ్మ మీద గీత యాడిది?" అన్నది. కొంగు సర్దుకొని అడిగింది. "నా బిడ్డది ఒక్క ముక్కన్న మిగిలిందా?"

"లేదక్కా."

ఆమె తలకాయ ఊపింది. మాకు మంచినీళ్లు ఇచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు గడప కాడికొచ్చి నిమ్మళంగ అన్నది. "ఈ పిల్ల ఎవరో గానీ, వాళ్లమ్మకు సూపెట్టు. ఆమె ఆనవాలు వడ్తది."

మియా మానిటర్ టేబుల్ మీద పెట్టి పోయిండు. ఆ తర్వాత నా మడిగెకు రాలే.

మరి రెండేండ్లకు మా స్నిగ్ధ సైకిల్ మీదికెళ్లి పడ్డది. పదహారేండ్లు అప్పుడు. ఎడమ కనుబొమ్మ చిట్లింది. నాలుగు కుట్లు. డాక్టరమ్మ "ఇక్కడ వెంట్రుకలు రావు, సన్న గీత ఉండిపోతది, పెండ్లికి ఏం అడ్డం గాదులే" అని నవ్వింది. మనోరమ గూడ నవ్వింది.

నేను ఆ వారం శుక్రవారం దాక ఆగలే. అప్పుడే పోయి తెరిచిన. చూసిన.

ఇగ పోయిన నెల. కృష్ణారావు దొర చిన్నకొడుకు అన్వేష్‌కు సంబంధాలు చూస్తున్నరట. కార్ల మా ఇంటికే వచ్చిండ్రు. "కులం ఒకటే గాకున్నా మాకు పట్టింపు లేదు, పిల్ల సక్కగుంది" అన్నరు. నేను బిడ్డ చదువుకుంటుంది అన్న. చిన్నది అన్న. జాతకం అన్న. దొర అన్నీ విని, "మడిగె మంచిగ నడుస్తాంది గదా" అన్నడు.

అసలు సంగతి మనోరమకు చెప్దామని ఎన్నోసార్లు నోరు తెరిచిన. చెప్పాలంటే ఆ సోమవారాలు గూడ చెప్పాలె. వాల్యూం తగ్గించింది గూడ చెప్పాలె. నోరు మూసుకున్న.

మొన్న శుక్రవారం పొద్దుగాల నేను గిరాకీ కోసం కొంపల్లి పోయిన. తిరిగొచ్చేసరికి మడిగె తాళం తీసుంది. పర్ద జరిపి ఉంది. మనోరమ నా కుర్చీల కూసుంది. మానిటర్ ఎలుగుతుంది. పాచి వాసన గడప దాక ఉంది.

"రా, రా" అన్నది మురుసుకుంట. "దొరోళ్లకు సరేనని కబురు పంపి ఇటొచ్చిన. ఊడ్సుకుంట ఆ వైరున్న ఎలుకను కదిలిస్తే ఇది ఇచ్చుకుంది. ఎంత సక్కగుంది మన పిల్ల. బాసికం గూడ కట్టినవు. ఇంత ముందుగాల ఎట్ల చేసినవు?"

నేను స్విచ్చు దిక్కు చెయ్యి చాపిన.

"గానీ జుట్టు గట్ల తడిపినవేంది?" అన్నది. "అపశకునంగ ఉంది. ఆ పలక మీద గూడ నీళ్లతోని ఏందో రాసినవు. పొద్దటిసంది తుడుస్తున్న. ఆరుతలేదు."

పలక దిక్కు చూసిన. స్నిగ్ధ అని ఉంది. నా రాత గాదు.