ముప్పై రెండో కార్డు

ఉదయం ఎనిమిదీ పదికి రేవు వెనక గోడౌన్‌లో టూరిస్ట్ గైడ్ కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. రెండో బూటు లేసు కట్టుకునే అవసరం లేకుండా చేశాడు ఏజెంట్ నైన్.

గైడ్ నీలం కోటు నైన్‌కి కుట్టించినట్టు సరిపోయింది. అందుకే చీఫ్ ఈ గైడ్‌ని ఎంచుకున్నాడు. పాపం, ఎవరి జోలికీ పోని మనిషి. నైన్‌కి బాధ కలిగింది. అయినా కోటు బొత్తాలన్నీ పెట్టుకున్నాడు.

ఓడ దిగి మూడు గంటల సిటీ టూర్‌కి వచ్చే ముప్పై రెండుమందిలో ఒకరు శత్రు ముఠా కొరియర్. విదేశంలో ఉన్న మన ఏడుగురు ఏజెంట్ల పేర్లు ఆ కొరియర్ తెచ్చిన మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. టూర్ ముగిసేలోగా అది చేతులు మారితే సాయంత్రానికి ఏడు శవాలు. అందులో మూడో పేరు నైన్ తోడబుట్టిన తమ్ముడిది.

కొరియర్ ఎవరో నెమలి చూపిస్తుందని చీఫ్ చెప్పాడు. నెమలి మన మనిషే. ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్ళ కొరియర్ వెంటే ఓడెక్కింది. మూడేళ్ళుగా నైన్ ప్రాణమంతా ఆమె మీదే.

ఆకుపచ్చ టోపీతో బస్సెక్కి, నెమలి అడిగింది. "ఈ ఊళ్ళో గడియారాలు సరిగ్గా నడుస్తాయా?"

"వర్షం పడితే ఆగిపోతాయి."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "పధ్నాలుగో సీటు. కెమెరా వేసుకున్న లావుపాటాయన. చివరి స్టాప్‌లో, మ్యూజియం టికెట్ కిటికీలో ఇచ్చేస్తాడు. ఈలోపే కానిచ్చెయ్."

నైన్ గొడుగు మొనలో విషపు సూది ఉంది. కోటు జేబులో చనిపోయినవాడి నోట్‌బుక్ దొరికింది. అందులోని జోకులు చదువుతుంటే బస్సంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కోట, గడియారస్తంభం అయిపోయాయి. మ్యూజియం ముందు బస్సు ఆగింది. గొడుగు మొన లావుపాటాయన పిక్కకి బెత్తెడు దూరంలో ఉంది. నోట్‌బుక్ చివరి పేజీలో ఎర్రసిరాతో గీత గీసిన వాక్యం నైన్ కంటపడింది: 'ఇక్కడ దిగే ముందు ఓడ కార్డులు చూపించమనాలి. కార్డు లేకపోతే ఓడ ఎక్కనివ్వరు.'

వేషం వేశాక పూర్తిగా వెయ్యాలి కదా. నైన్ అడిగాడు.

ముప్పై ఒక్క కార్డులు పైకి లేచాయి. లావుపాటాయన తనది రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. నెమలి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఎక్కడో పోయినట్టుంది. పోతే పోయిందిలెండి" అంది నవ్వుతూ.

లావుపాటాయన కంగారుపడిపోయాడు. "అదేంటమ్మా! ఓడ ఎలా ఎక్కుతావు?"

ఎక్కాలనుకుంటేగా. అసలు కొరియర్ నెమలేనని నైన్‌కి అర్థమైంది. మూడేళ్ళూ తనని వెర్రివాణ్ణి చేసి ఆడించింది.

చెవిలో దాచిన రేడియోలో చీఫ్‌కి టికెట్ కిటికీ సంగతి చెప్పి, అతను ఆమె వెనకే దిగాడు. టికెట్ కిటికీ దగ్గర ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. లోపలినుంచి ఒక చెయ్యి చాచి ఉంది. లిప్‌స్టిక్ ఆ వేళ్ళకు తగలబోతుండగా గొడుగు మొన ఆమె మడమను ముద్దాడింది. నైన్ ఆమెను నడుం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, టోపీ కళ్ళమీదికి లాగాడు. లిప్‌స్టిక్ అడుగున మైక్రోఫిల్మ్ దొరికింది. కిటికీ లోపలి చేతికి చీఫ్ మనుషులు బేడీలు వేశారు.

"నీ తమ్ముడు క్షేమం" అంది చెవిలోని రేడియో.

నైన్‌కి సంతోషించాలని ఉంది, కానీ చేతకాలేదు.

రేవులో దిగుతూ లావుపాటాయన చెయ్యి కలిపాడు. ఆ టోపీ అమ్మాయి ఊళ్ళోనే ఉండిపోయిందా అని అడిగాడు. ఉండిపోయిందన్నాడు నైన్.

"ఏటా ఈ టూర్‌కి వస్తాను. మిమ్మల్ని ఈ ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదే?"

"ఇవాళే చేరానండీ."

"మరి పాతాయన?"

"ఆయన పొద్దున్నే మానేశాడు" అన్నాడు నైన్. "లేసు కూడా కట్టుకోకుండా వెళ్ళిపోయాడు."