ఉప్పు రొయ్యల రాజు

"బతికుండగా తీసుకురా. కుదరకపోతే కితాన్ వాళ్ల చేతికి మాత్రం చిక్కనివ్వకు."

గూఢచారి విభాగం పెద్ద హో మంత్రి అంతే చెప్పాడు. కుదరకపోతే ఏం చెయ్యాలో నోటితో చెప్పలేదు. ఒక వెదురు టోపీ ముందుకు తోశాడు. దాని అంచులో, అల్లిక మధ్యన, విషం పూసిన సూది ఉంది.

ఏజెంట్ తాక్ చూన్ టోపీ నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు.

రాజు వాంగ్ సుక్‌ని మంత్రులంతా కలిసి గద్దె దింపి, సముద్రంలో ఓ దీవి మీదున్న మఠానికి పంపుతుంటే ఆయన దారిలో తప్పించుకున్నాడు. పొరుగు రాజ్యం కితాన్ గూఢచారులూ ఆయన కోసమే వెతుకుతున్నారు. ఆయన మీద వాళ్లకేం ప్రేమ లేదు. "మీ రాజుని మళ్లీ గద్దె ఎక్కించడానికి వస్తున్నాం" అని చెప్పుకుంటూ సైన్యంతో సరిహద్దులోని అమ్నోక్ నది దాటాలన్నది వాళ్ల ప్లాన్. దేశం మీద పడటానికి వాళ్లకి కావలసింది ఒక్క మనిషి.

ఆ మనిషిని కనిపెట్టడం కష్టమేం కాలేదు. సరిహద్దు ఊరు ఉయిజులో, పూటకూళ్ల ఇంటి ముందు ఒకాయన వానలో తడిసి, చేతులు రెండూ చాపి నిలబడి ఉన్నాడు. ఎవరైనా వచ్చి అంగీ విప్పుతారని చూస్తున్నాడు.

తాక్ చూన్ దగ్గరికెళ్లి గొంతు తగ్గించాడు. "మహాప్రభూ, మిమ్మల్ని పట్టుకోవడానికి వచ్చాను."

"ముందు అంగీ విప్పు. తర్వాత పట్టుకో."

మర్నాడు ఇద్దరూ ఉప్పు రొయ్యలు అమ్ముకునేవాళ్ల వేషం వేశారు. రాజు వీపుకి జాడీ కట్టాడు తాక్ చూన్.

"అరవండి ప్రభూ. అరవకపోతే అనుమానిస్తారు."

రాజు గొంతు సవరించుకున్నాడు. "ఉప్పు రొయ్యలు కొనవలెనని మా ఆజ్ఞ!"

గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ తలెత్తింది. "ఆజ్ఞేంటి నాయనా? మా ఆయన మాటే వినలేదు నేను, నీ మాట వింటానా?"

"దీనికి శిక్షేంటి?" రాజు పక్కకి తిరిగి అడిగాడు.

"ఏం లేదు ప్రభూ. నడవండి."

రేవులో కాంటాక్ట్ చోరాన్. పైకి పేరున్న నాట్యగత్తె, లోపల హో మంత్రికి ఏజెంట్. పట్టు గొడుగు కింద నిలబడి జాడీలోకి తొంగి చూసింది.

"ముత్యం మింగిన రొయ్య ఉందా?"

"ఉండేది. ఈదుకుంటూ పోయింది," అన్నాడు తాక్ చూన్. పాస్‌వర్డ్ సరిపోయింది.

"నీలం తెరచాప పడవ. సముద్రం దాకా తీసుకెళ్తుంది," అందామె. ఒకప్పుడు కొలువులో తన నాట్యం చూసిన రాజు ముఖంలోకి మాత్రం చూడలేదు.

పడవ నది మధ్యకి వచ్చాక తాక్ చూన్‌కి విషయం అర్థమైంది. తెడ్లు వేసేవాళ్లు కితాన్ భాషలో మాట్లాడుకుంటున్నారు. పడవ సముద్రం వైపు పోవడం లేదు, అవతలి ఒడ్డుకి పోతోంది. చోరాన్ డబుల్ ఏజెంట్. చుట్టూ నీళ్లు, ఎదురుగా కత్తులు, పక్కన ఈత రాని రాజు. చేసేదేం లేక తాక్ చూన్ కూర్చుండిపోయాడు.

అవతలి ఒడ్డున గుడారాలు. గుర్రాల తెగల పెద్దలంతా వచ్చి ఉన్నారు. వాళ్ల గుర్రాలు లేనిదే కితాన్ సైన్యం కదల్లేదు. నిజమైన రాజుని కళ్లతో చూస్తే తప్ప గుర్రాలిచ్చేది లేదని వాళ్ల పట్టు.

కితాన్ దళపతి తరగూ రాజుని గుడారంలోకి తోసి పట్టు అంగీ విసిరాడు. "తొడుక్కుని రా."

"మా వాడు లేకుండా మేం తొడుక్కోలేం," అన్నాడు రాజు.

తరగూ నవ్వి తాక్ చూన్‌ని లోపలికి పంపాడు. రొయ్యలవాడి చేతులు కట్టాలని ఎవరికీ తోచలేదు.

తాక్ చూన్ అంగీ తొడిగాడు. నడికట్టు బిగించాడు. టోపీ అంచులోంచి సూది లాగాడు. రాజు మెడ అక్కడే ఉంది, తెల్లగా, నలుగు పెట్టిన పిల్లాడి మెడలాగా. చెయ్యి లేవలేదు.

"అదేంటి?" అన్నాడు రాజు.

"సూది, ప్రభూ."

"మాకా?"

తాక్ చూన్ తల వంచుకున్నాడు.

"మరి గుచ్చవేం?"

"చేతకావడం లేదు."

"మాకూ ఏదీ చేతకాదు. పద," అన్నాడు రాజు.

బయట తరగూ గొంతు మోగుతోంది. "మీ గుర్రాలకి ప్రతిఫలం ఉయిజు! ముందుగా అడుగు పెట్టేది మీరే. దోచుకోగలిగినంత దోచుకోండి!"

రాజుని గుర్తుపట్టి చెప్పడానికి తెచ్చిన చోరాన్ పక్కనే ఉంది. ఆమె తల్లి, చెల్లెళ్లు ఉండేది ఉయిజులోనే. ఆ ఊరి జోలికి రామని మాటిచ్చినందుకే ఆమె కితాన్ వాళ్లకి పనిచేసింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

రాజు ముందుకొచ్చాడు. పెద్దలందరినీ ఒకసారి చూశాడు.

"నేను రాజుని కానయ్యా," అన్నాడు. "రొయ్యలు అమ్ముకునేవాణ్ణి. వీళ్లే అంగీ వేసి నిలబెట్టారు."

పెద్దల్లో గుసగుసలు లేచాయి. ఒక ముసలి పెద్ద దగ్గరికొచ్చి వాసన చూశాడు. "రొయ్యల కంపే," అన్నాడు.

తరగూ కత్తి మీద చెయ్యేశాడు. "చోరాన్! కొలువులో ఈయన ముందు ఆడిందానివి నువ్వే. చెప్పు."

ఆమె నడిచి వచ్చింది. రాజు కళ్లు దించుకున్నాడు. గాలికి గుడారాల గుడ్డ కొట్టుకుంటోంది.

"ఈయనెవరో నాకు తెలీదు. రాజుగారు ఇంతకంటే చాలా అందగాడు," అంది చోరాన్.

రాజు చివాల్న తలెత్తి నోరు తెరిచాడు. తాక్ చూన్ ఆయన కాలు తొక్కాడు.

పెద్దలు విరగబడి నవ్వారు. నవ్వుతూనే గుర్రాలెక్కారు. "రొయ్యలవాణ్ణి చూపించి గుర్రాలడుగుతావా?" అన్నాడు ముసలి పెద్ద తరగూతో. తర్వాత రాజు వైపు తిరిగాడు. "రొయ్యలు మాత్రం నిజమేగా? జాడీ ఇచ్చెయ్. మిమ్మల్ని నది దాటిస్తా." అంతమంది గుర్రపువాళ్ల మధ్య తరగూ కత్తి దూయలేకపోయాడు. చోరాన్ ఎప్పుడు ఆ గుంపులో కలిసిందో కూడా చూడలేదు.

"రాజుగారిని నది తీసుకుపోయింది," అని తాక్ చూన్ హో మంత్రికి చెప్పాడు. మంత్రి అతని వైపు చాలాసేపు చూసి, దేశమంతా సంతాపం ప్రకటించాడు.

సముద్రం ఒడ్డున ఓ పల్లెలో కొత్తగా వచ్చిన రొయ్యలాయన సంతాపానికి తెల్లబట్టలు కట్టుకుని అందరికంటే గట్టిగా ఏడ్చాడు. పక్కింటావిడ జాలిపడి, "అంత ఏడవకు బాబాయ్, ఆ రాజు అంత ఏడవదగ్గవాడేం కాదులే," అని ఓదార్చింది.