సాయో వేలు చూపని మానిటర్

ఒసాకాలో మొదటి సాక్షి ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. ఒంటి మీద అనుమానించదగ్గ గాయం లేదు, కడుపులో విషం లేదు. గుండె ఆగిందని డాక్టర్లు చేతులు దులుపుకున్నారు.

"ఆగలేదు. ఆపారు," అన్నాడు చీఫ్ ఒగినో. "మానిటర్‌లో ఐసొలేషన్ దెబ్బతీశారు."

"అంటే?" అన్నాడు ఏజెంట్ కిజిమా.

"రోగిని తాకే వైర్లకీ గోడ కరెంటుకీ మధ్య మెషీన్ లోపల ఓ అడ్డు ఉంటుంది. గుండె కబురు దాన్ని వెలుతురై దాటుతుంది, కరెంటు దాటలేదు. ఆ అడ్డుకి కన్నం పడిందా, గుండెలో గొట్టం ఉన్నవాడు అయిపోయినట్టే. మన వేలికి తెలియనంత కరెంటు చాలు."

"ఇప్పుడెవరి వంతు?"

"రెండో సాక్షి ఉరాబే. రేపు కోబేలో అతనికి గొట్టం వేస్తారు. బతికి కోర్టుకెక్కితే విదేశీ ముఠా మొత్తం లోపలికే. మెషీన్లు మన సాయో చూస్తుంది. ఆమె సరేనంటే సరే."

కిజిమా నిశ్చింతగా నవ్వాడు. ఆమె ఒక్క నవ్వుకి ఎంబసీల రహస్యాలు రాలిపడేవి. అలాంటి సాయో ఇల్లు దాటాలంటే మాత్రం రైలు డ్రైవర్ సిగ్నల్‌కి చూపినట్టు ఒక్కోదానికీ వేలు చూపి, "గ్యాస్, సరే! తాళం, సరే!" అని పైకి అనాల్సిందే. మరిచిపోతే లిఫ్టు నుంచి వెనక్కొచ్చేది. "స్టేషన్ మాస్టరమ్మా" అని కిజిమా ఏడిపించేవాడు. పెళ్లి చేసుకుందామన్నప్పుడు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని "సరే" అంది. చలికేమో అనుకున్నాడు.

మర్నాడు వార్డుబాయ్ వేషంలో మంచం తోసుకుంటూ లోపలికెళ్లాడు. ఇంజనీర్ వేషంలో సాయో వేలు చాచింది.

"ఆక్సిజన్, సరే! పంపు, సరే!"

వేలు మానిటర్ దాకా వచ్చి ఆగింది. ఆ చేత్తోనే గ్లౌజు సర్దుకుని, "అంతా సిద్ధం, డాక్టర్," అంది.

కిజిమా వెంటనే కరెంటు లీకేజీని పసిగట్టే పెన్నుని జేబులోంచి తీసి రోగి వైరుకి ఆనించాడు. ఎర్ర చుక్క వెలిగింది.

"గొట్టం గుండెలోకి వెళ్తోంది," అన్నాడు సర్జన్.

కిజిమా ఒక్క దూకు దూకి గోడ ప్లగ్గు పీకేశాడు.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు?"

మానిటర్ బ్యాటరీ మీదికి మారింది. పెన్ను మళ్లీ ఆనిస్తే ఎర్ర చుక్క వెలగలేదు. ఉరాబే గుండె తాపీగా కొట్టుకుంటూనే ఉంది.

వరండాలో కిజిమా సాయోకి బేడీలు వేశాడు.

"నిన్ను నమ్మాను, సాయో."

"నువ్వు నమ్మావనేగా వాళ్లు నన్ను కొన్నారు."

"ఇన్ని అబద్ధాలాడావు. ఆ ఒక్క వేలు చూపడానికేం?"

ఆమె తన చేతిని పరాయిదానిలా చూసుకుంది. "రాలేదు. చూపి సరేనంటే నిజంగా సరిగా ఉండాలి కదా."

"మరి నాతో సరేనన్నావుగా!"

"వేలు చూపానా?"

ఆ మాట అతన్ని నిలువునా కోసింది. ఆమెను జీపెక్కించి చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఒక్కో దిక్కుకీ వేలు చూపుతూ, "ఉరాబే, సరే! మానిటర్, సరే! ఖైదీ, సరే!" అన్నాడు.

"మరి నువ్వు?" అడిగాడు ఒగినో.

కిజిమా చేయి జేబులో పెట్టుకున్నాడు.

"సరే సార్."