ఒక్క వరుస పట్టే పెట్టె

ఉదయం 11:05.

మనిషి మాయమై దాదాపు పద్దెనిమిది గంటలు.

టీకా మందులు నిల్వచేసే కోల్డ్ స్టోరేజ్. కంట్రోల్ రూమ్‌లో ఇన్‌స్పెక్టర్ నిలబడే స్క్రీన్ వైపు చూస్తోంది. ఆవిడకు చలి పడదు. గోడల వెనక నుంచి ఆగకుండా వస్తున్న మోటార్ల మూలుగు అసలే నచ్చలేదు. ఏదో జరగరానిది జరిగిందని మనసు పదే పదే చెబుతోంది.

మాయమైనవాడు ఇక్కడి టెక్నీషియన్. నిన్న సాయంత్రం డ్యూటీలో ఉన్నాడు. ఇంటికి చేరలేదు. ఫోన్ స్విచాఫ్. మిగిల్చింది కంప్యూటర్ లాగ్‌బుక్‌లో ఈ చివరి ఎంట్రీ ఒక్కటే.

*నంబర్ 3118. సాయంత్రం 5:22.*
*రూమ్ 4 నుంచి బయటికి వచ్చాను.*
*ఈ ఉద్యోగం నా వల్ల కాదు. వెళ్లిపోతున్నాను, వెతకొద్దు.*

"చూశారుగా మేడమ్," అన్నాడు మేనేజర్. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని మాట. "తనంతట తనే పోయాడు. ఇందులో పోలీసులకేం పని చెప్పండి? ఒంటిగంటకి నాకు లారీ లోడింగ్ ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఆ ఎంట్రీని మరోసారి చదివింది. గోడవార బల్ల మీద కూర్చున్న టెక్నీషియన్ భార్య వైపు తిరిగింది. ఆమె టైలర్. కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి అలాగే వచ్చేసింది. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది.

"మీకూ మీ ఆయనకీ ఏమన్నా గొడవా అమ్మా?"

"గొడవల్లేని కాపురం ఎక్కడుంటుంది మేడమ్? మొన్న కూడా పోట్లాడుకున్నాం, ఫ్యాన్ ఎంత స్పీడులో పెట్టాలని. దానికి ఇల్లొదిలి పోతారా?"

"ఉద్యోగం గురించి ఏమన్నా అన్నారా?"

"రెండ్రోజుల్నుంచి ముద్ద దిగట్లేదు ఆయనకి. ఏంటని అడిగితే, 'ఉన్నదున్నట్టు రాసి పారేస్తా, ఏదైతే అదవుతుంది' అన్నారు. ఏం రాస్తారో చెప్పలేదు."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర గొణిగాడు. "అలిగిపోయుంటాడు మేడమ్. మా బావమరిది ఇలాగే పోయాడు. మూడోరోజు ఆకలేసి వాడే వచ్చాడు."

"మీ బావమరిది అలిగే ముందు కోల్డ్ రూమ్‌లోకి వెళ్లాడా?"



ఇన్‌స్పెక్టర్ లాగ్‌బుక్ పైకి జరిపింది. ముందు ఎంట్రీ 3117. సమయం 5:06. *రూమ్ 4 లోపలికి.* అంతే.

"ఎవరు కోల్డ్ రూమ్‌లోకి వెళ్లినా ఇలా రాయాల్సిందేనా?"

"రాయాల్సిందే," అన్నాడు మూల నిలబడ్డ పెద్దాయన. నల్లకళ్లద్దాలు, పల్చటి జుట్టు. ఈ లాగ్‌బుక్ ప్రోగ్రామ్ రాసింది ఆయనే. ఊళ్లో కుర్రాళ్లందరూ కొత్త కొత్త కంప్యూటర్ భాషల వెంట పరుగెడుతుంటే ఆయన మాత్రం పాతకాలపు బేసిక్‌ని వదల్లేదు. అందుకే అందరూ బేసిక్ మాస్టారు అంటారు. "లోపలికి వెళ్తూ ఒక ఎంట్రీ, బయటికొచ్చి ఒక ఎంట్రీ. అరగంటలో బయటికి అని రాకపోతే సైరన్ మోగుతుంది. ప్రాణాలతో పని కదమ్మా."

"నిన్న మోగిందా?"

"లేదు. 5:22కే బయటికి అని పడిందిగా."

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ మీది పెట్టె వైపు చూసింది. సన్నటి టెక్స్ట్ బాక్స్. అందులో కర్సర్ మిణుకుతోంది. పక్కన సేవ్ బటన్ లేదు.

"దీంట్లో ఎలా రాస్తారు? మౌస్ కూడా లేదే!"

"చేతులకి ఇంత మందం గ్లౌజులుంటాయమ్మా వాళ్లకి. మౌస్ పట్టుకోవడం కుదరదు. అందుకని ప్రతి కీనీ నా కోడ్ కనిపెట్టుకుని ఉంటుంది. నొక్కింది ఎంటర్ అయితే చాలు, వెంటనే సేవ్ చేసి, టైమ్ వేసి, పెట్టె ఖాళీ చేసి, కర్సర్‌ని మళ్లీ అక్కడే పెడుతుంది."

బల్ల మీద ఒక జత గ్లౌజులున్నాయి. ఇన్‌స్పెక్టర్ తొడుక్కుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

*పరీక్ష ఒకటి.* ఎంటర్.

పెట్టె ఖాళీ. పైన కొత్త ఎంట్రీ. నంబర్ 3131. సమయం 11:16.

*పరీక్ష రెండు.* ఎంటర్.

నంబర్ 3132. సమయం 11:17.

ఇన్‌స్పెక్టర్ ఆ రెండు నంబర్లనీ చూస్తూ ఉండిపోయింది. తరువాత చాలా నెమ్మదిగా గ్లౌజులు తీసింది.

"మాస్టారూ, ఒకే నంబర్ కింద రెండు వరుసలు రాయాలంటే?"

"కుదరదు. రెండో వరుసకి దిగాలంటే ఎంటర్ కొట్టాలి. కొట్టగానే మొదటిది వెళ్లిపోతుంది."

"బయట ఎక్కడో రాసి, తెచ్చి ఇందులో అతికిస్తే?"

"ఒక్క వరుసే పట్టే పెట్టె అది. అతికించినా రెండూ కలిసిపోయి ఒక్కటే అవుతుంది."

"మరి 3118 చూడండి."

మాస్టారు స్క్రీన్ దగ్గరికి వంగాడు. పొద్దుట నుంచి గదిలో ఉన్న ప్రతివాళ్లూ ఆ ఎంట్రీని చదివారు. ఒకే నంబర్. ఒకే సమయం. రెండు వరుసలు. ఎదురుగా ఉన్నదే ఎవరి కంటికీ ఆనలేదు.

"ఇది ఈ పెట్టెలోంచి వచ్చింది కాదమ్మా," అన్నాడు. "వెనక ఎంట్రీలన్నీ దాచే డేటా టేబుల్ తెరిచి నేరుగా పెట్టారు. అక్కడ నా కోడ్ కాపలా ఉండదు. వీధి తలుపుకి గడియ పెట్టి పెరటి తలుపు తీసి పెట్టుకున్నట్టయింది."

"టేబుల్ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గర. మేనేజర్ సార్ దగ్గర."

మేనేజర్ గొంతు మొదటిసారి నలిగింది. "అయితే ఈయనే రాసుంటాడు! ఇదంతా ఈయన కట్టిన కొంపేగా!"

"సైరన్ మోగలేదంటే ఇది నిన్న ఐదున్నర ప్రాంతంలోనే పెట్టారు. అప్పుడు మీరెక్కడున్నారు మాస్టారూ?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"కంటి ఆసుపత్రిలో మంచం మీద. ఆపరేషన్ చేశారు. ఆరింటిదాకా కట్టు కూడా విప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగింది. "మీరెప్పుడూ గ్లౌజులు తొడిగి ఈ పెట్టెలో రాసి ఉండరు. అందుకే దీని సంగతి మీకు తెలీదు. సైరన్ మోగకూడదు, ఎవరూ వెతక్కూడదు. రెండింటికీ కలిపి ఒకటే ఎంట్రీ పెట్టారు."

అంటూనే ఆవిడ మళ్లీ స్క్రీన్ వైపు చూసింది.

5:22 ఎంట్రీ అబద్ధం. అంటే 'బయటికి వచ్చాను' కూడా అబద్ధమే.

"రూమ్ 4 తాళం!"

మేనేజర్ చెయ్యి తెలియకుండానే ప్యాంటు జేబు మీదికి పోయింది. హెడ్ కానిస్టేబుల్ ఆ చేతిని అక్కడే పట్టుకున్నాడు.

పొడవాటి కారిడార్. టైలరమ్మ అందరికంటే ముందు పరుగెడుతోంది. రూమ్ 4 తలుపు మీద పసుపు టేపు. *రిపేర్. తెరవరాదు.* పక్కనున్న మీటర్‌లో మూడు డిగ్రీలు.

"నేను... భయపెడదామనే..." వెనక నుంచి మేనేజర్ గొణుగుతున్నాడు. "చల్లబరిచే మిషన్ రెండ్రోజులు ఆగింది. టీకాల సరుకంతా వేడెక్కి పాడైంది. పంపించేద్దామంటే వినడు. లాగ్‌లో రాస్తానంటాడు. ఒక గంటలో తీద్దామనుకున్నా. తర్వాత... తీయడానికి ధైర్యం చాల్లేదు."

"పద్దెనిమిది గంటలు!" అంది ఇన్‌స్పెక్టర్. ఆవిడకు అతణ్ణి కొట్టాలనిపించింది. తాళంచెవి తిప్పడమే ముఖ్యం కాబట్టి తిప్పింది.

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆవిరి కాళ్ల మీదికి పాకింది. తలుపు లోపలి వైపు హ్యాండిల్ లేదు, విప్పేసిన స్క్రూల గుంతలు మాత్రం ఉన్నాయి. వాటి చుట్టూ రేకు మీద గీతలు. కొన్నిచోట్ల ఎండిన రక్తం.

మూల ఒక అట్టపెట్టెల కుప్ప. అందులోంచి ఒక బూటు కనిపిస్తోంది.

ఖాళీ పెట్టెలు చించి ఒంటికి చుట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడి ఉన్నాడు. పెదవులు నీలం. కదలిక లేదు. ఇన్‌స్పెక్టర్ అతని మెడ మీద రెండు వేళ్లు ఉంచింది.

ఏమీ లేదు.

వేళ్లు కాస్త పక్కకి జరిపింది. ఏమీ లేదు. అతని భార్య అప్పటికే నేల మీద కూలబడింది. ఆ కొయ్యబారిన చేతులు రెండూ లాక్కుని తన చంకల్లో పెట్టుకుంది. ఏడవట్లేదు. కోపంగా చూస్తోంది అతని మొహంలోకి.

"లేవండి. ఏవండీ, మిమ్మల్నే. నిద్రపోకూడదు. నన్ను తిట్టండి. ఏదో ఒకటి అనండి."

ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుని మరికాస్త గట్టిగా అదిమింది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

వేలి కింద ఒక దెబ్బ.

చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఇంకొకటి.

"అంబులెన్స్!" అని అరిచింది ఇన్‌స్పెక్టర్. ఆ భార్య మాత్రం తల కూడా తిప్పలేదు. భర్త చేతుల్ని ఇంకా గట్టిగా నొక్కిపట్టుకుని, తిట్టమని అడుగుతూనే ఉంది.